మొక్కజొన్న సారా పట్టుకుని అనకాపల్లి వెళ్లాను

నా జీవితంలో నేను రెండు రోజులు గొప్పదాన్నయ్యాను. శుక్రవారం పొద్దున మొదలైంది, ఆదివారం పొద్దునకి అయిపోయింది. ఆ మధ్యలో జరిగిందంతా అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పి చెప్పి గొంతు పోయింది. ఇక రాసి పడేస్తే కావలసినవాళ్లు చదువుకుంటారని కూర్చున్నాను.

నేను తెనాలిలో హైస్కూలు పిల్లలకి ఫిజికల్ సైన్సు చెప్తాను. మా టీచర్లు నడుపుకునే ఒక చిన్న మాసపత్రికలో అప్పుడప్పుడు వ్యాసాలు రాస్తాను. వాటిని ప్రూఫులు దిద్దే ఆయన తప్ప ఇంకెవరూ చదవరని నా గట్టి నమ్మకం. ఆ ధైర్యంతోనే రెండువేల ఆరు చివర్లో 'మొక్కజొన్న మద్యసారం: దేశానికి కొత్త ఇంధనం' అని ఒకటి రాశాను. అమెరికావాళ్లు మొక్కజొన్నల్ని పులియబెట్టి ఇథనాల్ తీసి, పెట్రోల్లో కలిపి కార్లు తోలుతున్నారని, రైతు పంట అక్కడ దేశ ఇంధన విధానంలోకే ఎక్కి కూర్చుందని, బయటి దేశాల చమురు కోసం చెయ్యి చాచక్కర్లేని రోజులొస్తాయని తెగ ఊగిపోయి రాశాను. చివరికొచ్చేసరికి పూనకం ఆగక, 'మన రైతుకీ ఆ రోజు రానుంది' అని ముగించాను. ఎక్కణ్ణుంచి రానుందో, ఎప్పుడు రానుందో నాకే తెలియదు. వ్యాసమన్నాక చివర కాస్త ఆశ ఉండాలి కదా అని రాసిన మాట అది.

జనవరి ఆఖర్లో ఒక ఇన్‌లాండ్ లెటరు వచ్చింది. రాసినాయన పేరు సన్యాసినాయుడు. అనకాపల్లి నుంచి బుచ్చయ్యపేట వెళ్లే దారిలో వాళ్లూరు. మూడెకరాల చెరకు, సొంత బెల్లం పెనం. ఊరి గ్రంథాలయంలో నా వ్యాసం మూడుసార్లు చదివాడట. చెరకు ఒకసారి కొట్టాక ఆ మోళ్లే మళ్లీ చిగురేసి రెండో పంట ఇస్తాయి, దాన్ని వాళ్లు కార్శి అంటారు. ఈ ఏడు ఆ కార్శి వదులుకుని, మోళ్లు దున్నించేసి, మొక్కజొన్న వేద్దామని నిశ్చయించుకున్నాడట. శివరాత్రి వెళ్లిన ఆదివారానికి ట్రాక్టరు కూడా మాట్లాడేశాడు. 'కాని మా ఇంటిది అది సారా పంట అని, ఆ చేలో కాలు పెట్టనని మొండికేసింది. మీరు ఒక్కసారి వచ్చి అది సారా కాదని చెబితే చాలు' అని ముగించాడు.

నా కాళ్లు నేలమీద ఆనలేదు. ఉత్తరం పట్టుకుని స్టాఫ్ రూమంతా తిరిగాను. డ్రిల్లు మాస్టారికి రెండుసార్లు చదివి వినిపించాను. మా ఆయన మాత్రం కళ్లజోడు పైకెత్తి, "పొలం ఆయనది కదా, కొంచెం చూసి మాట్లాడు" అన్నారు. ఇంట్లో వాళ్లకి మన విలువ ఎప్పుడు తెలిసింది కనక!

తోడుగా మా ఆడపడుచు కామేశ్వరి వదిన బయల్దేరింది. ఆవిడకి ఇథనాల్ అంటే ఏమిటో తెలియదు, అక్కర్లేదు కూడా. అనకాపల్లి అనగానే బెల్లం గుర్తొచ్చి సంచీ సర్దుకుంది.

స్టేషన్ బయట

మేం దిగిన రోజే శివరాత్రి. రైల్లో ఉండగా ఈ సంగతి వదినకి గుర్తు రాలేదు. ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టగానే గుర్తొచ్చింది.

"అయ్యో విశాలా! ఇవాళ నాకు ఉపవాసం కదే!"

"మరి సంచీ ఎందుకు తెచ్చావు?"

"ఉపవాసం నాకు గాని సంచీకి కాదుగా," అంది.

బెల్లం మార్కెట్టు పండక్కి మూసేశారు. వాసనకి మాత్రం సెలవు లేదు. ఆ వీధి మొదట్లో నిలబడి ఊపిరి పీలిస్తే చాలు, నోట్లో నీళ్లూరుతున్నాయి. మా తెనాలిలో బెల్లమంటే కొట్లో సంచి మూలన ఈగలు ముసిరే నల్లటి ముద్ద. ఇక్కడ మూసిన కొట్ల అరుగుల మీద కూడా బంగారు రంగు పొడి రాలి ఉంది. వదిన వేలితో అద్దుకుని వాసన చూసి, శివుడి ముఖం చూసి తుడిచేసుకుంది.

నేను ఇడ్లీ తిన్నాను. ప్లేటు ఎనిమిది రూపాయలు. చట్నీలో కారం లేదు. గుంటూరు జిల్లా నాలిక అది, ఒప్పుకోలేదు. "కారప్పొడి లేదా బాబూ?" అంటే హోటలాయన నన్ను జాలిగా చూసి, "పొద్దున్నే కారమేటమ్మా, కడుపు ఏటవుద్ది?" అన్నాడు. మాకు పొద్దున్న తప్ప ఇంకెప్పుడు కారమని చెప్పబోయి ఊరుకున్నాను.

తరవాత మందుల షాపుకి వెళ్లాను. ఆడవాళ్లకి ఉట్టి మాటలు చెబితే నమ్మరు, వెలిగించి చూపించాలని స్కూలు లాబ్ నుంచి చిన్న గాజు దీపం ఒకటి తెచ్చుకున్నాను. అందులో పోయడానికి స్పిరిట్ కావాలి.

"ఇంజక్షన్‌కా అమ్మా?" అన్నాడు షాపతను.

"కాదండీ, పాఠానికి."

అతను వదిన వైపు చూశాడు, ఈవిడకేమైనా తేడాయా అన్నట్టు. వదిన తల అడ్డంగా ఊపింది. ఏ అర్థంలో ఊపిందో ఇప్పటికీ చెప్పలేదు.

పెట్రోలు బంకులో

మమ్మల్ని ఊరికి తీసుకెళ్లిన ఆటో అబ్బాయి అప్పారావు. ముప్పై ఏళ్లుంటాయి, మాట మాటకీ నవ్వుతాడు. దారిలో బంకు దగ్గర ఆగాడు. నాలో టీచరు నిద్రలేచింది.

"ఈ పెట్రోల్లో నూటికి ఐదు పాళ్లు ఆల్కహాలు కలపాలని గవర్నమెంటు చెప్పింది, తెలుసా అప్పారావూ?"

"ఓలమ్మో! సారాయేటి?"

"అలాంటిదే అనుకో. చక్కెర మిల్లుల్లో పంచదార తీశాక మిగిలే మడ్డి ఉంటుందే, దాన్నుంచి తీస్తారు."

"అందుకేనండమ్మా!" అని హ్యాండిలు మీద చరిచాడు. "కొండవాలు కాడికి ఎల్లేసరికి నా బండి తూలిపోతన్నాది. నాను మెకానిక్కుని తిట్టేను పాపం." కొంచెం ఆలోచించి మళ్లీ, "అయితే బండి తాగితే కేసు నేదు, నాను తాగితే కేసా? ఇదేటి నాయమండి?"

బంకులో పెట్రోలు పోసే అమ్మాయి కూడా పకపకా నవ్వింది. నేను మరీ రెచ్చిపోయి, దేశం చమురు ఎంత కొంటోందో, ఎందుకు కొంటోందో, చెరకు మడ్డికీ మన ఇంధన విధానానికీ సంబంధమేమిటో చోడవరం రోడ్డు పొడుగునా చెప్పుకుంటూ పోయాను. మన దేశంలో ఇథనాలంటే మడ్డే, మొక్కజొన్న కాదు. ఆ మాట ఆటోలో నేనే నాలుగుసార్లు అన్నాను. అన్న నోటికి చెవులు రెండూ దగ్గరే ఉన్నాయి గాని, ఒక్కటీ వినలేదు.

పెనం దగ్గర

సన్యాసినాయుడికి యాభై దాటి ఉంటాయి. తెల్లటి మీసం, భుజాన తువ్వాలు, దారంతో మెళ్లో కట్టుకున్న చదువుకునే కళ్లజోడు. నన్ను చూడగానే తువ్వాలు తీసి రెండు చేతులా దణ్ణం పెట్టాడు. ఎవరైనా మంత్రిగారు వస్తున్నారేమోనని నేను వెనక్కి తిరిగి చూశాను.

ఆయన భార్య నూకరత్నం. ఎండిన కట్టెలా ఉంటుంది, గొంతు మాత్రం ఊరి చివరికి వినిపిస్తుంది. కాళ్లు కడుక్కోడానికి నీళ్లిచ్చి, మంచం వాల్చి, మేం కూర్చున్నాక మొదలెట్టింది.

"పంతులమ్మగోరూ, మీరు మా ఇంటికి సుట్టాలు. మీ సారా మాత్రం మాకు సుట్టం కాదు. ముందే సెప్పేత్తన్నాను."

"ఒలే, కూకోనీ ఆవిణ్ణి!" అన్నాడు నాయుడు.

"కూకోమనే అన్నాను, ఎల్లిపొమ్మన్నానేటి?"

నరికిన చెరకు పండగని ఆగదు. అందుకని శివరాత్రి నాడు కూడా పాకలో పొయ్యి మండుతూనే ఉంది. మంచమంత వెడల్పు ఇనప పెనం, అందులో రసం గలగలా కాగుతోంది. పిప్పి ఎండబెట్టి దాన్నే పొయ్యిలో తోస్తున్నారు. సున్నపు తేట పోసేసరికి మురికంతా నురగై పైకి తేలింది. దాన్ని పెద్ద గరిటెతో తీసి పారేశారు. నాయుడు పాకం కాస్త తీసి చెంబుడు నీళ్లలో వేసి, వేళ్లతో ఉండ చేసి చూసి, "ఇంకో రెండు పొంగులు" అన్నాడు. థర్మామీటరు లేదు, గడియారం లేదు. ఇరవై రెండేళ్లు లాబులో గడిపిన నేను నోరు తెరుచుకుని చూశాను.

వదిన నాయుణ్ణి పక్కకి పిలిచి, చెరకు రసం ఫలాహారం కిందికే వస్తుందా అని అడిగింది. చెరకు గడ్డి జాతి కనక పండు కన్నా పవిత్రమని ఆయన తీర్పిచ్చాడు. ఆవిడ ఏడు గ్లాసులు తాగింది. ఎనిమిదో దానికి తనే ఆపుకుని, "ఉపవాసమన్నాక కొంత నిగ్రహం ఉండాలి" అంది.

నాకు అరిటాకు ముక్కలో వేడి వేడి బెల్లం పెట్టారు. ఆగలేక నోట్లో వేసుకున్నాను. నాలిక చుర్రుమని అంటుకుపోయింది. ఉమ్మడానికి మనసు రాలేదు, మింగడానికి వీలు కాలేదు. కళ్లనీళ్లు పెట్టుకుంటూ ఆనందపడ్డాను. అలాంటి రుచి నేను పుట్టి బుద్ధెరిగాక ఎరగను.

సరిగ్గా అప్పుడే నాయుడు నా పక్కన చతికిలబడి మనసు విప్పాడు.

"మిల్లుకి సెరకు తోలినోడి మడ్డి పెట్రోల్లోకి ఎల్తాది. మాకు రసమంతా బెల్లమే, మడ్డి అన్నదే నేదు. ముప్పై యేళ్లు కట్టపడ్డాను గదండి, నా సేలోది ఒక్క సుక్క దేశం బండికి పనికొచ్చిందా? మీ రాత సదివేక నాకు నిద్దర పట్టనేదు. రైతు పంటతో దేశం నడుత్తాదని రాసేరు. మన రైతుకీ రానుందన్నారు. ఊళ్లో అందరికీ సెప్పేసేను, అచ్యుతాపురం కాడ మొక్కజొన్న ఫేక్టరీ రానుంది, పంతులమ్మగోరు పేపర్లో రాసేరు అని."

ఫ్యాక్టరీయా! అచ్యుతాపురమా! అక్కడ సెజ్ కోసం భూములు తీసుకుంటున్నారని, ఏవేవో కంపెనీలు వస్తాయని వాళ్లు రోజూ వింటున్నారు. నా 'రానుంది' వెళ్లి ఆ పుకారు పక్కన కూర్చుంది. కాదండీ, నేను అలా రాయలేదండీ అని అరవబోయాను. "కాఫంఫీ" అని వచ్చింది. నాలిక తిరగలేదు. "కాఫీ తెమ్మంతన్నారు, బేగి తేయే!" అని ఆయన భార్యని కేకేశాడు.

నాలిక కాలిందన్నది సగం నిజం. కాఫీ తాగాక నాలిక బాగానే తిరిగింది. కాని ఆ మనిషి కళ్లలో వెలుగు చూశాక ఆర్పడానికి నాకు చేతులు రాలేదు. అదీగాక, దాచుకోవడమెందుకు, ఊళ్లో అంతమంది నన్ను దణ్ణాలు పెట్టి పలకరిస్తుంటే నాకు మహా బాగుంది. రేపు చెబుదాంలే అనుకున్నాను.

పులుసులో బెల్లం

శనివారం పొద్దున్న వదిన ఉపవాసం విడిచింది. విడవడం కాదు, కట్ట తెంచుకుంది. మేం రాగులనేదాన్ని ఇక్కడ చోళ్లంటారు. చోడి అంబలిలో మజ్జిగ పోసి, ఉల్లిపాయ నంజుకుంటూ రెండు లోటాలు లాగించింది. మధ్యాహ్నం అన్నంలో ఆవపెట్టిన అరటికాయ కూర, వంకాయ పులుసు. పులుసు మొదటి ముద్దకే నేను ఉలిక్కిపడ్డాను. తియ్యగా ఉంది!

"పులుసులో బెల్లమా?" అన్నాను.

"మరేటేత్తారు మీ కాడ?" అంది నూకరత్నం.

"చింతపండు. కారం. ఇంకాస్త కారం."

"పాపం," అంది మనస్ఫూర్తిగా. ఇంకో గరిటె వేసింది. నాలుగో ముద్దకి నా నాలిక పార్టీ మార్చింది. వదినైతే రెండో ముద్దకే మార్చింది.

వడ్డిస్తూ వడ్డిస్తూ నూకరత్నం తన కథ చెప్పింది. పదిహేనేళ్ల కింద ఈ ఊళ్లో సారా కొట్టుండేది. వాళ్ల నాన్న ఆ కొట్టు ముందే పడిపోయి చచ్చిపోయాడు. ఆ ఏడాది ఊరి ఆడవాళ్లందర్నీ కూడగట్టి, చీపుళ్లు పట్టుకెళ్లి, కొట్టు తలుపు ఊడబీకి చెరువులో పారేయించింది. "ఆ తలుపు ఊడబీకిన సేతుల్తో మల్లీ సారా కంకులు కొయ్యాలా? మీరే సెప్పండి," అంది.

నాకు కొంచెం గుబులు పుట్టింది గాని, సంచీలో సైన్సు ఉంది కదా అని ధైర్యం తెచ్చుకున్నాను.

గ్రంథాలయం వరండాలో

సాయంత్రం నాలుగింటికి మీటింగు. ముప్పై మంది దాకా ఆడవాళ్లు వరండా నిండా కూర్చున్నారు. మగవాళ్లు మెట్ల కింద నిలబడ్డారు. నాయుడు ఉతికిన చొక్కా వేసుకుని, నా వ్యాసమున్న పత్రిక చేత్తో పట్టుకుని, పెళ్లికొడుకు తండ్రిలా అటూ ఇటూ తిరుగుతున్నాడు.

బ్రహ్మాండంగా మాట్లాడాను. ఇథనాల్ అనేది ఒక రసాయన పదార్థమని, వైద్యంలో వాడతామని, రంగుల్లో వాడతామని, ఇప్పుడు బళ్లలో వాడబోతున్నారని చెప్పాను. సారా అనేది మనిషి చేసుకున్న పాపం గాని పదార్థం తప్పు కాదన్నాను. అరగంట గడిచేసరికి ముఖాలు మెత్తబడ్డాయి. నూకరత్నం కూడా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటోంది. ఇదే అదను అనుకుని గాజు దీపం బయటికి తీసి, స్పిరిట్ పోసి, వత్తి సర్దుతుంటే, క్లాసులో ఏటేటా చెప్పే మాట అలవాటుగా నోట్లోంచి జారింది:

"అందరూ ఇటు చూడండి. దీన్ని సారా దీపం అంటారు."



ఏం చెయ్యను! మా తెలుగు మీడియం పుస్తకంలో దాని పేరే అది. బొమ్మ కింద అచ్చులో ఉంటుంది. ఇరవై రెండేళ్లుగా ఒక్క పిల్లా నవ్వలేదు, నేనూ ఎప్పుడూ ఆలోచించలేదు.

"అల్లదిగో! నోటమ్మట వచ్చేసింది!" అని నూకరత్నం లేచి నిలబడింది. ఇక చూసుకోండి, ముప్పై మంది ఒక్కసారి నవ్వడం మొదలెట్టారు. ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. కింద అప్పారావు ఆటో మీద చరుస్తూ, "బండే తాగుద్దనుకున్నాను, దీపం కూడా తాగుద్దేటి!" అని అరిచాడు. మా వదిన, నా సొంత ఆడపడుచు, స్తంభాన్ని పట్టుకుని కిందికి జారిపోయింది నవ్వలేక. చివరికి నేనూ నవ్వాను. నవ్వక ఏం చేస్తాను?

నవ్వులు తగ్గాక నూకరత్నం ముందుకొచ్చి, దీపం ఎత్తి వాసన చూసింది. బెల్లం నీళ్లలో తుమ్మచెక్క వేసి ఊట ఎలా పెడతారో, అది ఎన్నాళ్లకి పులుస్తుందో, కుండ మీద కుండ పెట్టి ఆవిరి ఎలా పడతారో వరసగా చెప్పింది. పులియడం, స్వేదనం, చల్లబరచడం. నా పదో తరగతి పాఠం ఒక్క ముక్క పొల్లుపోకుండా అప్పజెప్పింది.

"ఇప్పుడు సెప్పండి పంతులమ్మగోరూ. ఇదీ అదీ ఒకటేనా కాదా? ఇది మా నాయన నోట్లో వాసనండి. నాకు తెలీదేటి?"

అబద్ధం చెప్పలేకపోయాను. "ఒకటే," అన్నాను. "మందుల షాపుది తాగితే ఇంకా ముందే పోతారు, అంతే తేడా."

"సరే. ఒకటేనని ఒప్పుకున్నారు, మంచోరు. బళ్లు తాగితే నాకేటి, తాగనీండి. మొగోళ్లు తాక్కపోతే సాలు." అని దీపం కింద పెట్టి, చాలా మామూలుగా అడిగింది. "మరి మా మొక్కజొన్న కొనేదెవుడు? ఏ ఊళ్లో?"

మీటింగంతటికీ అదే అసలు ప్రశ్న.

"అమెరికాలో..." అన్నాను.

"అక్కడికి ఆటో ఎల్తాదేటి అప్పారావూ?"

మళ్లీ నవ్వులు. ఈసారి నేను నవ్వలేదు. మెట్ల దగ్గర నాయుడు కూడా నవ్వలేదు. ఆయన నా మీద నుంచి చూపు తిప్పలేదు. చెప్పండి అన్నట్టు, ఇంకా నమ్ముతూ నిలబడ్డాడు.

అప్పుడు చెప్పాను. నిన్ననే చెప్పవలసింది ఇవాళ చెప్పాను. అచ్యుతాపురంలో మొక్కజొన్న ఫ్యాక్టరీ వస్తుందని నాకు తెలియదని, ఎవరూ నాతో అనలేదని. మన దేశంలో ఇప్పుడు పెట్రోల్లో కలిపేది మిల్లుల మడ్డి నుంచి తీసిందేనని. ఇక్కడ మొక్కజొన్న పండిస్తే కోళ్ల దాణావాళ్లు కొంటారేమో గాని, దేశం బండి ఎక్కదని. 'రానుంది' అని రాసింది కబురు తెలిసి కాదు, వాక్యం బాగుందని. ఆ మధ్య పేపర్లో ఇంకోటి కూడా చదివాను, అమెరికాలో మొక్కజొన్న బళ్లకి పోతుంటే పక్క దేశంలో జనం తినే రొట్టె ధర పెరిగి రోడ్డెక్కారని. అదీ చెప్పాను. చెబుతుంటే సిగ్గుతో చెవులు మండిపోయాయి. తల వంచుకుని, "తప్పు నాదండీ నాయుడుగారూ," అన్నాను.

మెట్ల కింద ఎవరో, "ఫేక్టరీ అమెరికాలో రానుందట రా బావా," అన్నారు. కిసుక్కుమన్నారు నలుగురు.

నాయుడు పత్రిక మడిచి జేబులో పెట్టుకున్నాడు. ముఖం నల్లగా అయిపోయింది. "ట్రాక్టరోడికి మాటిచ్చేను. ఊరందరికీ సెప్పేను. మాటన్నాక మాటే. రేపు దున్నుతాను," అనేసి వెళ్లిపోయాడు. ఆ మాట సైన్సుది కాదు, మొక్కజొన్నది కాదు. నవ్విన నలుగురికీ చెప్పిన జవాబు. దానికి మూడెకరాల కార్శి, ఏడాది తిండి పోతాయి. పోవడానికి కారణం నేను.

ఆదివారం

పొద్దున్నే నూతి దగ్గర పళ్లు తోముకుంటుంటే నూకరత్నం నీళ్లు తోడుతూ అంది. "దున్నితే ఏడాది పోద్ది. దున్నకపోతే ఈయన ఊళ్లో తలెత్తుకు తిరగలేడు. ఎటు సూసినా నా సంసారవే."

"నేనే ఊళ్లో అందరికీ ఇంకోసారి చెబుతాను, తప్పు నాదని," అన్నాను.

"వద్దు. మీరు సెప్పే కొద్దీ ఆయన సిన్నవుతాడు." బకెట్టు నింపుకుని వెళ్లిపోయింది.

ట్రాక్టరు ఏడింటికి వచ్చింది. డ్రైవరు నాయుణ్ణి, "ఏటి బావా, ఏ మూల నుంచి కొట్టమంతావు?" అనడిగాడు. గట్టు మీద పాతిక మంది చేరారు. నిన్న నవ్వినవాళ్లందరూ ఉన్నారు. నాయుడు ఎవరి వంకా చూడకుండా చెయ్యి చాపి ఈశాన్యం మూల చూపించాడు. నరికిన మోళ్ల పక్కన అప్పుడే ఆకుపచ్చగా చిగుళ్లు, వేలెడంత. ట్రాక్టరు గట్టు దిగింది. ముందు చక్రాలు చేలోకి వెళ్లాయి. వదిన నా చెయ్యి పట్టుకుంది. నేను కళ్లు మూసుకున్నాను.

"ఆపు!"

కళ్లు తెరిచేసరికి నూకరత్నం ట్రాక్టరుకి ఎదురుగా నిలబడి ఉంది. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, చేతిలో చీపురు కూడా ఉంది. గొంతు ఊరి చివరికి కాదు, పక్క ఊరికి వినిపించేలా ఎత్తింది.

"ఈ సేలో సగం నాది. మా ఆయన దున్నమన్నాడు, నాను ఒప్పుకోనేదు! ఆయన మొక్కజొన్నే ఎయ్యాలని పట్టు పట్టేడు, నానే ఎయ్యనియ్యనేదు! ఎవుడైనా అడిగితే నూకరత్నం అడ్డుపడిందని సెప్పండి. పెళ్లాం మాట వినే మొగోడు సన్యాసినాయుడు కాదు, నానే మొండిదాన్ని!"

గట్టు మీద నవ్వు ఇటు తిరిగింది. "ఓలమ్మో, నాయుడి పెళ్లాం మొగుణ్ణే ఆపేసింది రా!" అన్నారు. "దీనితో ఏగడం ఎవుడి వల్లవుద్ది, పాపం నాయుడు," అన్నారు. అమెరికా మాట ఒక్కడూ ఎత్తలేదు. ఫ్యాక్టరీ అన్న మాట అందరూ మర్చిపోయారు.

నాయుడు భార్య ముఖంలోకి చూశాడు. ఆవిడ కళ్లు వాల్చుకుంది. సారా కొట్టు తలుపు ఊడబీకిన మనిషి, నిన్న ముప్పై మంది ముందు నన్ను నిలదీసిన మనిషి, తప్పు చేసినదానిలా తల వంచి నిలబడింది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. రెండూ ఆపుకోలేదు.

అప్పుడు నాయుడు మొదలెట్టాడు. తువ్వాలు విదిలించి, గట్టంతా దద్దరిల్లేలా తిట్టాడు.

"సిగ్గు నేదా నీకు? నలుగురిలో నా మాటకి ఇలువ నేకుండా సేసేవు! దేశానికి పెట్రోలు రాకుండా సేసేవు కదే! గవర్నమెంటుకి ఏటి సెప్పుకోను నాను?"

డ్రైవరు బండి వెనక్కి తీశాడు. నాయుడు తిట్టడం మాత్రం ఆపలేదు. తిడుతూ తిడుతూనే చేలోకి దిగి, వంగి, చక్రం కింద పడి పక్కకి ఒరిగిన చెరకు మోడుని నిలబెట్టి, దాని మొదట్లో అరచేత్తో మట్టి నొక్కుతున్నాడు.